అత్తగారి తువ్వాలు, నీలం సీసా

ప్రశ్న: అక్కగారూ, నమస్కారం. మాది శ్రీకాకుళం. ఆరు నెలల క్రితం ఫ్రంట్ లోడ్ వాషింగ్ మిషన్ కొన్నాం. అప్పట్నుంచి ప్రతి వాష్‌కీ కంఫర్ట్, అదే బట్టలు మెత్తబరిచే సాఫ్ట్‌నర్, వేస్తున్నాను. మావి బోరు నీళ్ళు. ఇదివరకు బట్టలు ఆరేసరికి కర్రల్లా అయిపోయేవి, ఇప్పుడు మెత్తగా, మంచి వాసనతో ఉంటున్నాయి. కానీ మా అత్తగారు "ఈ తువ్వాలు ఒళ్ళు తుడవట్లేదమ్మా, నీళ్ళని ఒంటిమీదే అటూ ఇటూ తిప్పుతోంది" అంటున్నారు. మావయ్యగారు తన పొందూరు పంచె నిలవట్లేదని విసుక్కుంటున్నారు. మా బాబు ఆర్మీ సెలక్షన్లకి రోజూ రన్నింగ్ చేస్తాడు. వాడి టీషర్టులు ఉతికినా చెమట వాసన పోవట్లేదు, అందుకని వాటికి ఇంకో మూత ఎక్కువే వేస్తున్నాను. పురిటికొచ్చిన అమ్మాయి బట్టలు, మూడు నెలల పాప బట్టలు కూడా ఇదే మిషన్లో పడుతున్నాయి. అసలు సాఫ్ట్‌నర్ ఎప్పుడు వెయ్యాలి, ఎప్పుడు వెయ్యకూడదు? మానేస్తే మళ్ళీ బట్టలు బిరుసెక్కిపోతాయేమోనని భయంగా ఉంది.
– ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: చెల్లెమ్మా, మీ అత్తగారి మాట నిజం. తువ్వాలు నీళ్ళు పీల్చడం మానేసింది. పెద్దావిడకి కొత్త మిషన్ నచ్చక అంటున్న మాట కాదిది. ఈ ఉత్తరం చదవడం ఆపి ఒక పని చెయ్యండి. ఉతికి ఆరిన టర్కీ తువ్వాలొకటి మంచం మీద పరిచి, వేలు నీళ్ళలో ముంచి ఒక్క చుక్క దానిమీద వదలండి. వంగి దగ్గర్నుంచి చూడండి. మంచి తువ్వాలైతే చుక్క పడీపడగానే ఇంకిపోయి, రూపాయి బిళ్ళంత తడి మచ్చ మిగులుతుంది. మీ తువ్వాలు మీద మాత్రం అది తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడుతుంది. మీరు ఐదు లెక్కపెట్టేదాకా అలాగే మెరుస్తూ ఉంటుంది. అంచు పట్టుకుని కాస్త ఎత్తితే పక్కకి దొర్లుతుంది కూడా. ఆ బొట్టుకీ నూలుకీ మధ్య అడ్డం ఉన్నది ఆరు నెలలుగా పేరుకున్న సాఫ్ట్‌నరే.

చాలామంది దీన్ని సబ్బులో ఒక రకం అనుకుంటారు. కాదు. సాఫ్ట్‌నర్ మురికి వదిలించదు. అందులో ఉండేది కొవ్వు నుంచి తయారుచేసిన పదార్థం, దానికి ధనావేశం ఉంటుంది. నీళ్ళలో నానిన నూలు పోగుకి కొద్దిగా రుణావేశం ఉంటుంది. అందుకని అది వెళ్ళి పోగుని పట్టుకుంటుంది, జాడిస్తే పోదు. పోకుండా ఉండటమే దాని పని. పోగు చుట్టూ సన్నటి జిడ్డు పొర ఏర్పడి, ఒక పోగు మీద ఇంకో పోగు సులువుగా జారుతుంది. మన చేతికి తగిలే మెత్తదనం ఆ జారుడే.

మా నాన్నగారు నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవారు. సాఫ్ట్‌నర్ అన్న మాట నేను మొదట విన్నది ఆయన నోటే. అక్కడది సీసా కాదు, ఒక పెద్ద యంత్రం. గోగునార, జనపనార వచ్చినప్పుడు బిరుసుగా ఉంటాయి, అలాగే వడికితే తెగుతాయి. అందుకని నూనె, నీళ్ళు కలిపి పాలలా చేసిన ద్రవాన్ని నార మీద పడేలా చేసి, గాడులున్న రోలర్ల మధ్యనుంచి పంపుతారు. నార మెత్తబడి వడకడానికి లొంగుతుంది. నాన్నగారి చొక్కా చేతులకి ఎప్పుడూ ఆ నూనె వాసనే. మా అమ్మ ఎన్నిసార్లు సోడాలో ఉడకబెట్టి ఉతికినా పోయేది కాదు. మీ సీసాలో ఉన్నది వేరే పదార్థమైనా పని అదే, పోగుకి జిడ్డు పట్టించడం. నారకి ఆ జిడ్డు మంచిదే, గోనెసంచి ఎవరి ఒళ్ళూ తుడవక్కర్లేదు. తువ్వాలు పుట్టిందే నీళ్ళు తాగడానికి. కాబట్టి సాఫ్ట్‌నర్ సీసా మూత తిప్పేముందు ఈ బట్ట మన ఇంట్లో ఏం పని చెయ్యాలి అని ఒక్కసారి అడగండి. నీళ్ళో చెమటో పీల్చడం దాని పనైతే మూత మళ్ళీ బిగించెయ్యండి.

ఈ లెక్కన తువ్వాళ్ళు, చేతిరుమాళ్ళు, మసిగుడ్డలు, ఇల్లు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డలు వేటికీ వద్దు. మసిగుడ్డల విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. టర్కీ గుడ్డలాగా నూగు లేచి ఉండే బట్టలకి ఈ పొర పట్టిస్తే మంట తొందరగా అంటుకుంటుంది. పొయ్యి దగ్గర మసలే గుడ్డకి ఆ ప్రమాదం మనం తెచ్చిపెట్టకూడదు. అలాంటి బట్టలకి వాడొద్దని చాలా సీసాల మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది.

మీ బాబు టీషర్టుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మీరు ప్రేమతో చేస్తున్నదే ఎదురు తిరుగుతోంది. మీ ఊరి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే పరిగెత్తే పిల్లలు వేసుకునేవి ఎక్కువగా పాలిస్టర్ టీషర్టులు. చెమటని ఒంటినుంచి లాగి బట్ట పైకి తెచ్చి ఆర్పెయ్యడం ఆ నేతలోని కిటుకు. పాలిస్టర్‌కి నీళ్ళకంటే జిడ్డు ఇష్టం, ఒంటి నూనెని గట్టిగా పట్టుకుంటుంది. దాని మీద మీరు సాఫ్ట్‌నర్ పొర వేస్తే ఆ నూనె లోపలే ఉండిపోతుంది, చెమట బయటికి రాదు, సూక్ష్మజీవులకి మేత దొరుకుతుంది. వాడు వేసుకుని ఒళ్ళు వేడెక్కగానే పాత వాసన మళ్ళీ లేస్తుంది. మీరు ఇంకో మూత వేస్తారు. పొర ఇంకా మందమవుతుంది. రేపట్నుంచి వాడు గ్రౌండ్ నుంచి రాగానే తడి టీషర్టు సంచిలో కుక్కకుండా, తిరగేసి, బకెట్టు నీళ్ళలో కొంచెం సర్ఫు కలిపి అరగంట నానబెట్టమనండి. ఆ పని వాడే చేసుకోవాలి, ఆర్మీలోకి వెళ్ళేవాడికి బట్టలు నానబెట్టుకోవడం పెద్ద కష్టం కాదు. తర్వాత తిరగేసే మిషన్లో వేసి, సాఫ్ట్‌నర్ లేకుండా ఉతికి, గాలి బాగా ఆడే చోట ఆరేయండి. మూడు నాలుగు ఉతుకుల్లో తేడా మీకే తెలుస్తుంది.

పాప బట్టలకి అసలు వద్దు. మూడు నెలల పిల్ల చర్మం పల్చన, ఈ సీసాల్లో వేసే పరిమళం కొందరికి దద్దుర్లు, దురద తెస్తుంది. పైగా గోచీ గుడ్డలు తడి పీల్చకపోతే పిల్ల ఒరుసుకుపోతుంది. మెత్తదనం కావాలంటే మన ఇళ్ళలో ఉన్న పద్ధతే గొప్పది. అమ్మమ్మ కట్టి కట్టి నలిగిన నూలు చీర చింపి పొత్తిగుడ్డలు చేస్తాం. వంద ఉతుకులు తిన్న నూలుకుండే మెత్తదనం ఏ సీసాలోనూ దొరకదు. పాప బట్టలు విడిగా, వాసన లేని సబ్బుతో ఉతికి రెండుసార్లు జాడించండి. బాలింతరాలి జాకెట్లు, నైటీలు కూడా ఆ విడతలోనే వెయ్యండి, పిల్ల మొహం రోజంతా వాటికే కదా ఆనుకుని ఉండేది.

ఇక మావయ్యగారి పొందూరు పంచె. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, చేత్తో వందో నెంబరు దాకా సన్నటి నూలు వడికి నేస్తారు. అంత చాకిరీ చేసింది ఆ నూలు ఒంటికి గాలి ఆడనిస్తూ, చెమట పీలుస్తూ, గంజిలో నిలబడి మడత మీద మడతగా కనిపించాలని. గంజి పోగుల్ని కలిపి నిలబెడుతుంది, సాఫ్ట్‌నర్ పోగుల్ని జారేస్తుంది. రెండూ ఎదురెదురు పనులు. జిడ్డు పట్టిన పంచెకి మీరెంత గంజి పెట్టినా నడుం దగ్గర జారిపోతుంది, ఆయన విసుగు అదే. ఆ పంచెల్ని మిషన్లోంచి తీసేయండి. గోరువెచ్చటి నీళ్ళు, మెత్తటి సబ్బు, చేత్తో నాలుగు పిసుకులు, రెండు నీళ్ళ జాడింపు చాలు. రెండు మూడు ఉతుకుల్లో పొర వదులుతుంది. అప్పుడు గంజి పెట్టండి. కుక్కర్లొచ్చాక గంజి వార్చే ఇళ్ళు తగ్గిపోయాయి. వార్చకపోతే గుప్పెడు సగ్గుబియ్యం ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టి, బకెట్టు నీళ్ళలో కలిపి ముంచండి. నీడలో ఆరేసి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యాలి. మీ నూలు చీరలకీ ఇదే పద్ధతి. పట్టుచీరలకి సాఫ్ట్‌నర్ ఊసే ఎత్తొద్దు.

ఇన్ని వద్దులు చెప్పాక మీ అసలు భయానికి వస్తాను, మానేస్తే బట్టలు బిరుసెక్కుతాయని కదా. నా లెక్కలో మీ ఇంట్లో బట్టలు బిరుసెక్కింది సాఫ్ట్‌నర్ లేక కాదు. మూడు కారణాలు వెతకండి.

మొదటిది నీళ్ళు. మీ కుళాయిల మూతుల మీద, స్టీలు బకెట్టు అంచున తెల్లగా గార కట్టిందా చూడండి. కట్టిందంటే ఆ నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. అవి సబ్బుతో కలిసి తెట్టులా మారి పోగుల మధ్య ఇరుక్కుంటాయి. తాగే నీటికి మన దేశంలో పెట్టుకున్న ప్రమాణం ప్రకారం ఈ కఠినత్వం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే మీ అంకె ఎక్కడుందో తెలుస్తుంది. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు వస్తుంటే ఆఖరి జాడింపుకైనా అవి వాడి చూడండి. అదీ కుదరకపోతే నూలు బట్టల విడతకి రెండు చెంచాల చాకలి సోడా పొడితోపాటు వెయ్యండి, ఆ లవణాల్ని అది పక్కకి లాగేస్తుంది. ఊలుకి, పట్టుకి మాత్రం సోడా తగలనివ్వొద్దు.

రెండోది పొడి ఎక్కువ వెయ్యడం. నూటికి తొంభై ఇళ్ళలో ఇదే జరుగుతోందని నా నమ్మకం. చేత్తో ఉతికిన అలవాటుకి నురగ రాకపోతే మనకి తృప్తి ఉండదు. ఫ్రంట్ లోడ్ మిషన్ తీసుకునే నీళ్ళే తక్కువ, ఆ నీళ్ళకి రెండు గుప్పిళ్ళ పొడి వేస్తే మొత్తం జాడింపులో పోదు. బట్టలోనే ఎండి అట్ట కడుతుంది. పరీక్ష చాలా తేలిక. ఉతికి ఆరిన తువ్వాలు ఒకటి తెల్ల బకెట్టు మంచినీళ్ళలో వేసి చేత్తో గట్టిగా కెలకండి. కొత్తగా సబ్బు వెయ్యకుండానే నురగ లేచిందంటే అది పోయిన వారం సబ్బే. అప్పుడు పొడి సగానికి తగ్గించండి, ఫ్రంట్ లోడ్‌కని అమ్మే తక్కువ నురగ రకమే వాడండి, మిషన్లో ఇంకోసారి జాడించే మీట ఉంటుంది, అది నొక్కండి. డ్రమ్ములో బట్టల పైన చెయ్యి అడ్డంగా పట్టేంత ఖాళీ ఉంచండి. కుక్కేస్తే నీళ్ళు లోపలికి చేరవు.

మూడోది ఆరేసే తీరు. దీని గురించి జపాన్‌లో కావో అనే సంస్థ, హొక్కయిడో విశ్వవిద్యాలయం కలిసి 2020లో ఒక మంచి సంగతి తేల్చాయి. నూలు బట్ట ఆరాక కూడా పోగుల మీద కొద్దిగా నీరు మిగిలే ఉంటుంది, అది జిగురులా ఒక పోగుని ఇంకో పోగుకి అతికిస్తుంది, అందుకే గాలి లేని చోట కదలకుండా ఆరిన బట్ట బిరుసెక్కుతుంది. మన పెద్దవాళ్ళు బట్టని రెండు చేతులా పట్టుకుని టప్పుమని దులిపి దండెం మీద వేసేవారు, ఆరాక మళ్ళీ దులిపి మడత పెట్టేవారు. ఆ రెండు దులుపుళ్ళలోనే సగం మెత్తదనం ఉంది. నిండు ఎండలో రోజంతా ఉంచకండి, గాలి తగిలే నీడ చాలు. మీ ఊరికి సముద్రపు గాలి ఉండనే ఉంది.

మరి సాఫ్ట్‌నర్ ఎప్పుడు వెయ్యాలంటే, దానికీ చోటుంది. స్కూలు యూనిఫారాలు, పాలిస్టర్ కలిసిన ప్యాంట్లు చొక్కాలు అది వేస్తే ఇస్త్రీకి తొందరగా లొంగుతాయి. నూగు లేని చలికాలపు స్వెట్టర్లు, దుప్పట్లు, కర్టెన్లు, ఒంటికి అంటుకుపోయే సింథటిక్ చీరలు, వీటికి రెండు మూడు ఉతుకులకోసారి వేస్తే చాలు. ఉత్తరాదిన పొడి చలిలో సింథటిక్ బట్టలు చిటపటలాడి మీదకి లాక్కుంటాయి, వాళ్ళకి దాని అవసరం ఎక్కువ. మన తీరంలో గాలికే తేమ, ఆ బెడద అరుదు. దుప్పట్లకి కూడా ఎండాకాలంలో మానెయ్యండి, చెమట పట్టే రాత్రుళ్ళు మామూలు నూలే సుఖం.

వేసేటప్పుడు మిషన్ సొరుగులో పువ్వు గుర్తున్న గదిలోనే పొయ్యండి, గీత దాటకూడదు. ఆ గదిలోంచి అది ఆఖరి జాడింపులో దానంతట అదే దిగుతుంది. పొడి గదిలో పోస్తే సబ్బు రుణావేశం, దీని ధనావేశం కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మురికీ పోదు, మెత్తదనమూ రాదు. సెమీ ఆటోమేటిక్ వాడే మీ ఇరుగుపొరుగు అడిగితే, ఆఖరి బకెట్టు నీళ్ళలో ముందు సాఫ్ట్‌నర్ కలిపి తర్వాత బట్టలు ముంచమనండి. నేరుగా బట్ట మీద పోస్తే నూనె మరకలు పడతాయి. సీసా మీద చెప్పిన కొలతలో సగంతో మొదలుపెట్టండి. నెలకోసారి ఆ సొరుగు బయటికి లాగి వేడినీళ్ళతో కడగండి. వేలుపెట్టి చూస్తే లోపల మీగడలా జిగురు, మూలల్లో నల్ల బూజు కనిపిస్తాయి. ఆ ఆఖరి నీళ్ళు పట్టి మొక్కలకి పోసే అలవాటుంటే సాఫ్ట్‌నర్ వేసిన రోజు మానండి.

వానాకాలం ముక్కవాసన సంగతి మీరు అడగలేదు కానీ రేపు జూలైలో అడుగుతారు. బట్ట ఆలస్యంగా ఆరితే ఆ వాసన పుట్టించేది ఒక రకం సూక్ష్మజీవి, దాన్ని జపాన్ వాళ్ళే 2012లో గుర్తించి ప్రకటించారు. పూలవాసన సీసా దాన్ని చంపదు, కప్పెడుతుంది. తువ్వాళ్ళు, లుంగీలు వేడినీళ్ళలో ఉతికి, ఎక్కువ వేగంతో పిండి, ఫ్యాను కింద ఎడంగా ఆరేయండి.

ఇప్పుడు చెడిన తువ్వాళ్ళు బాగవుతాయా? అవుతాయి, పారెయ్యకండి. మీ మిషన్లో 60 డిగ్రీల వేడి ఉంటే దానిమీద తువ్వాళ్ళు మాత్రమే వేసి, మామూలు పొడి, రెండు చెంచాల సోడాతో ఉతకండి. అదనపు జాడింపు పెట్టండి. రంగు తువ్వాళ్ళని తెల్లవాటితో కలపొద్దు. ఇలా మూడు విడతలు. తర్వాతి విడతలో పువ్వు గుర్తు గదిలో అర కప్పు తెల్ల వెనిగర్ పోస్తే గార కూడా వదులుతుంది. కానీ ప్రతిసారీ వద్దు, మిషన్ తలుపు దగ్గర రబ్బరు పాడవుతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, వెనిగర్‌తో బ్లీచింగ్ ద్రావణం ఎన్నడూ కలపకూడదు, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి ఆడదు. మూడో విడత ఆరాక చుక్క పరీక్ష మళ్ళీ చెయ్యండి, ఈసారి మీ అత్తగారి చేత వేయించండి. ముందు ఆవిడ తువ్వాలుతోనే మొదలుపెట్టండి.

మీరు కొన్న సీసా ఇంకా ఉండే ఉంటుంది. స్వెట్టర్లకీ యూనిఫారాలకీ అది ఏడాది వస్తుంది. దాన్ని మిషన్ పక్కన నేలమీద ఉంచకుండా పై అరలోకి ఎక్కించండి. నీలం, గులాబీ రంగుల్లో షర్బత్‌లా ఉంటుంది, మూత తిప్పితే వచ్చేస్తుంది. మీ పాప ఇంకో నాలుగైదు నెలల్లో పాకడం మొదలెడుతుంది.